ఆయన ఆగే చోటు

కొత్త పాస్టరు గారు వచ్చిన మొదటి ఆదివారం, ఏలినవారి కోసం ప్రార్థన చేసి, ఆగకుండా రోగుల కోసం ప్రార్థనలోకి వెళ్ళిపోయారు. అందులో తప్పేమీ లేదు. ఎవరైనా అలాగే చేస్తారు. కిటికీ పక్కన ప్రూఫులు దిద్దుకుంటున్న నేను మాత్రం కలం ఎత్తి పట్టుకుని ఉండిపోయాను. అక్కడ ఒక ఖాళీ ఉండాలి. మనిషి నిండా ఊపిరి తీసి వదిలేంత ఖాళీ. అది లేకపోయేసరికి పాత పాస్టరు గారు పోయిన సంగతి నాకు అప్పుడే తెలిసినట్టయింది. ఆయన సమాధిలో పిడికెడు మట్టి వేసి వచ్చినవాణ్ణే. అయినా అప్పటిదాకా తెలియలేదు.

నేను ఆ మతం వాణ్ణి కాను. ఆ మాటకొస్తే ఏ దేవుడి ముందూ ఎక్కువగా తల వంచినవాణ్ణి కాను. పామర్రు దగ్గర మా ఊళ్ళో మా ఇంటిపేరు చెబితే ఎదురొచ్చే బళ్ళు పక్కకు తప్పుకునే రోజులుండేవి. జమీందారీలు రద్దయినప్పుడు చాలా భాగం పోయింది. మిగిలింది దాయాదులతో కోర్టుల్లో పోయింది. డెబ్బైల మొదట్లో నేను బెజవాడ వచ్చి, పటమటలో రెండు గదుల పోర్షను అద్దెకు తీసుకుని, ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనిలో చేరాను. అందులో సిగ్గుపడేదేమీ నాకు కనిపించలేదు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఇంటి సామానులో వెంట తెచ్చుకున్నది మా నాన్నగారి చేతుల కుర్చీ ఒక్కటే.

మా కిటికీకీ చర్చికీ మధ్య ఒక్క గోడ. ఆడవాళ్ళు కూర్చునే వైపు మావైపు. అందువల్ల మనుషుల్ని చూడకపోయినా గొంతులన్నీ నాకు పరిచయం.

పాత పాస్టరు గారు మొదటిసారి మా ఇంటికి వచ్చింది గోడ విషయం మాట్లాడటానికి. వానకి గోడ ఒక చోట కూలింది. పొడుగాటి మనిషి, సన్నగా, ఎండలో ఎండిన వెదురులా ఉండేవారు. గంజిపెట్టిన పంచె, మోకాళ్ళు దాటిన లాల్చీ, సుద్ద పూసి తెల్లగా చేసుకున్న కాన్వాసు బూట్లు, ఏ కాలమైనా చంకలో నల్ల గొడుగు. గుమ్మంలో నిలబడి కుర్చీ వైపు చూశారు.

"ఇది పెద్దయ్యగారి కుర్చీ కదండీ?" అన్నారు.

"మీకెలా తెలుసు?" అన్నాను.

"మా తాత మీ చేలోనే పనిచేశాడండి. చిన్నప్పుడు మా అమ్మతో మీ వీధి చివర నిలబడి చూసేవాణ్ణి. అరుగు మీద ఆ కుర్చీ, అందులో పెద్దయ్యగారు, ఎదురుగా జనం." ఇందులో నిష్ఠూరం లేదు, వినయమూ లేదు. వర్షం పడిందని చెప్పినట్టు చెప్పారు.

ఇంట్లో ఇంకో కుర్చీ లేదు. కూర్చోమన్నాను. ఆయన గొడుగు గోడకి ఆనించి, కూర్చుని, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టి వెనక్కి చేరబడ్డారు. "మా తాత చూస్తే హడలిపోయేవాడండి" అని నవ్వారు. కాఫీ ఇస్తే సాసర్లో పోసుకుని తాగారు. ఆనాటి నుంచి నన్ను 'బాబుగారూ' అన్నారు, నేను 'పాస్టరు గారూ' అన్నాను. సంఘం వాళ్ళు ఆయన్ని అయ్యగారనేవారు, ఆయన భార్యని అమ్మగారనేవారు. మా ఊళ్ళో అయ్యగారన్న పిలుపు మా నాన్నగారిది. నేను దాన్ని ఇంకొకరికి ఇవ్వలేకపోయాను. ఆయనా అడగలేదు.

ఆయన అలవాట్లు కొన్ని చెప్పాలి. ప్రార్థన చేసేటప్పుడు ఎవరైనా కళ్ళజోడు తీసి కళ్ళు మూసుకుంటారు. ఆయన కళ్ళజోడు జేబులో ఉంటే తీసి పెట్టుకుని మరీ కళ్ళు మూసుకునేవారు. "మూసిన కళ్ళకి జోడెందుకండీ?" అని అడిగాను ఒకసారి. "పైన చూసేవాడు నన్ను గుర్తుపట్టాలి కదండీ, వారమంతా జోడుతోనే చూస్తాడాయె" అన్నారు.

రోడ్డు మీద పడిపోయిన సైకిలు కనిపిస్తే లేవనెత్తి స్టాండు వేయకుండా ముందుకు పోలేరు. బందరు రోడ్డు మీద ఇద్దరం నడుస్తుంటే ఒక కొట్టు ముందు సైకిలు పడి ఉంది. ఆయన గొడుగు నాకిచ్చి వంగారు. లోపల్నించి గుమాస్తా పరిగెత్తుకొచ్చాడు.

"ఏం పెద్దాయనా, నీదా సైకిలు?"

"కాదు నాయనా. పడిపోయింది."

"పడితే నీకేంటి?"

ఆయన నిజంగానే ఆలోచించారు. "అదే నాకూ తెలియట్లేదు" అన్నారు. గుమాస్తా నా మొహం చూశాడు, ఈయనకి మతి ఉందా అన్నట్టు. నేను గొడుగు పట్టుకుని తిన్నగా నిలబడ్డాను.

అసలు సంగతి ఆ ప్రార్థన. వాళ్ళ ఆరాధనలో ప్రతి ఆదివారం దేశాన్ని ఏలేవాళ్ళ కోసం ఒక ప్రార్థన ఉంటుంది. ఆయన మాటలు ఎప్పుడూ ఒకటే. "ప్రభువా, మా మీద అధికారంలో ఉన్నవారికి న్యాయబుద్ధి దయచేయుము. నిద్రలో కూడా వారికి నీ భయము కలుగజేయుము." జనమంతా ఆమేన్ అనేవారు. అందరిదీ అయిపోయాక, గోడకి అవతల నాకు బాగా దగ్గరగా, ఒక్క గొంతు తీరిగ్గా, సాగదీసి, ఆమేన్ అనేది. గూడ్సు బండి అంతా దాటిపోయాక చివర గార్డు పెట్టె వచ్చినట్టు. అది అమ్మగారి గొంతు. అది వచ్చేదాకా ఆయన తరువాతి ప్రార్థన మొదలుపెట్టేవారు కాదు.

ఆ ప్రార్థనలో పేర్లుండవు. రాజు పేరు లేదు, మంత్రి పేరు లేదు. ఎందుకని అడిగితే తన కథ చెప్పారు.

స్వరాజ్యం వచ్చేనాటికి ఆయన డెల్టాలో ఒక చిన్న ఊళ్ళో కొత్త పాస్టరు. అప్పట్లో ఆ ప్రార్థన ఇంగ్లండు చక్రవర్తి పేరు పెట్టి చేసేవారు. శుక్రవారం ఊరంతా జెండాలు ఎగిరాయి. ఆయనే చర్చి ముందు పిల్లలకి బెల్లం పంచిపెట్టారు. ఆదివారం అంగీ తొడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నోటికి వచ్చిన అలవాటు చొప్పున చక్రవర్తిగారి ఆయురారోగ్యాల కోసం ప్రార్థన చేసేశారు.

"జనం ఏమన్నారండీ?"

"ఏమంటారు. ఆమేన్ అన్నారు. వాళ్ళకీ అలవాటే కదండీ. మా ఇంటావిడ ఒక్కతే అనలేదు. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అంది, మీ రాజుగారి పని శుక్రవారమే అయిపోయిందండీ, ఆయనకి ఎవరైనా కబురు చెప్పండి అని."

ఆ నాటి నుంచి పేర్లు తీసేశారట. "కుర్చీ కోసం అడగొచ్చండి. కూర్చున్నవాడి కోసం అడిగితే, వాడు లేచిపోయాక కూడా మన నోరు అక్కడినుంచి లేవదు."

ఇంకో కథ కూడా అప్పుడే చెప్పారు. అదే శుక్రవారం వాళ్ళ నాన్న, మా ఊళ్ళో, జీవితంలో మొదటిసారి చెప్పులు తొడుక్కుని మా వీధిలో నడిచాడు. స్వరాజ్యం వచ్చింది కదా అని. సరిగ్గా మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు వాటంతట అవే ఆగాయి. చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, మా గుమ్మం దాటాక మళ్ళీ తొడుక్కున్నాడు.

"ఆ రోజు మేడ మీద నేనే ఉన్నాను. చూశాను" అన్నాను.

"చూశారా? ఏమనుకున్నారు?"

"మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను."

ఆయన కళ్ళజోడు జారిపోయేంతగా నవ్వారు. "మా నాన్న కాళ్ళకీ, నా నోటికీ స్వరాజ్యం ఆలస్యంగా వచ్చిందండి" అన్నారు. నేను నవ్వలేదు. ఆయనే అడిగారు, ఆ రోజు మా ఇంట్లో ఏం చేశారని.

"నాన్నగారు వీధి తలుపులు వేయించారు."

"మాకు వేయించడానికి తలుపులు లేవండి, తడికే" అని లేచి గొడుగు తీసుకున్నారు.

వాళ్ళకి ఒక్కడే కొడుకు. కాలేజీలో లెక్చరరు. తండ్రి ఎత్తు, తల్లి నోరు. చిన్నప్పటి నుంచి ఉబ్బసం. ఎమర్జెన్సీ పెట్టిన ఏడు చలికాలంలో, కరపత్రాలు పంచాడని ఒక ఉదయం జీపులో తీసుకుపోయారు. నేను వాకిట్లోనే ఉన్నాను. ఎస్సై కుర్రవాడు, ఇబ్బందిగా నిలబడ్డాడు. "పైనుంచి ఆర్డరండి అయ్యగారూ" అన్నాడు. పాస్టరు గారు "కాఫీ తాగి వెళ్ళండి" అన్నారు. అమ్మగారు గ్లాసుతో వచ్చి కొడుక్కి మాత్రం ఇచ్చింది. వాడు తాగేదాకా జీపు ఆగింది.

తరువాతి ఆదివారం చర్చి నిండిపోయింది. ఆయన ఏమంటారోనని. ఆయనది అదే ప్రార్థన, అవే మాటలు, అదే గొంతు. జనం ఆమేన్ అన్నారు, కాస్త తగ్గి. ఆ తరవాత ఏమీ లేదు. గార్డు పెట్టె రాలేదు. ఆయన ఆగారు. ఆమె ఆమేన్ ఎంతసేపు పట్టేదో అంతసేపూ ఆగి, రోగుల కోసం మొదలుపెట్టారు.

ప్రతి ఆదివారం అంతే. ఆమె అనేది కాదు. ఆయన ఆగేవారు. మిగతా అన్ని ప్రార్థనలకీ ఆమె గొంతు వినిపించేది, రోగులకీ, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళకీ, విధవలకీ. ఆ ఒక్కదానికి తప్ప.

సంఘపెద్ద ఒకాయన, గన్నవరంలో సర్కారు ఆఫీసులో పనిచేసేవాడు, ఒక సాయంత్రం పాస్టరు గారి వసారాలోకి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. గొంతు తగ్గించి విషయం చెప్పాడు. వచ్చే ఆగస్టు పదిహేను ఆదివారం పడింది. ఆ రోజు ఒక పెద్ద ఆఫీసరుని చర్చికి తీసుకొస్తాడు. అయ్యగారు ప్రధానమంత్రి పేరు పెట్టి, ప్రభుత్వం చేపట్టిన కార్యక్రమాలు చల్లగా జరగాలని ప్రార్థన చేస్తే, మర్నాడు పేపర్లో వస్తుంది. అబ్బాయి నెల తిరక్కుండా ఇంట్లో ఉంటాడు.

"ఎంతండీ, ఒక్క పేరు. ఎలాగూ ఆవిడ కోసమే కదా మీరు వారం వారం చేసేది."

"అదేనయ్యా. చేస్తూనే ఉన్నాను కదా" అన్నారు పాస్టరు గారు. "పేరు పెట్టి, పిల్లాణ్ణి తెచ్చుకుంటే, అది బేరమవుతుంది."

లోపల్నించి అమ్మగారి గొంతు వచ్చింది. "ఆడండి బేరం. వంకాయల దగ్గర ఆడరూ? మీ కొడుకు కోసం ఒక్కసారి ఆడండి."

ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. కురచ మనిషి, జరీ లేని తెల్ల చీర, చేతికి పిండి. "లేదూ, పేరు పెట్టనంటారా, ఆ ప్రార్థనే మానెయ్యండి. రెండిట్లో ఏదో ఒకటి చేసే మగాడివైతే నాకు అర్థమవుతుంది. పట్టుకుపోయినవాళ్ళకి న్యాయబుద్ధి కావాలని వారం వారం అడుగుతారు, వాళ్ళు ఇచ్చే పిల్లాణ్ణి మాత్రం పుచ్చుకోరు." ముప్ఫై ఏళ్ళ కాపురంలో భర్తని ఆవిడ ఏకవచనంలో పిలవడం బహుశా అదే మొదలు. ఆవిడే ఉలిక్కిపడి లోపలికి వెళ్ళిపోయింది.

జూలైలో ఆయన జైలుకి వెళ్ళారు. వేరే జిల్లా, రైలు ప్రయాణం. "ఈయనకి దిగాల్సిన స్టేషను గుర్తుండదు, మీరు తోడు వెళ్ళండి బాబుగారూ" అంది అమ్మగారు. తనెందుకు రాదని నేను అడగలేదు. ఆవిడే చెప్పింది. "ఊచల్లోంచి నేను చూడను. బయటికి తెచ్చి చూపించమనండి." గోంగూర పచ్చడి జాడీ గుడ్డతో వాసెన కట్టి నా చేతికిచ్చింది.

జాడీ గేటు దగ్గరే ఆగిపోయింది. బయటి తిండి పనికిరాదన్నాడు జవాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆయన ములాఖత్ గదిలో బల్ల మీద కూర్చున్నారు. కొడుకు వచ్చాడు. మెడ ఎముకలు తేలాయి. మాట్లాడేటప్పుడు మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నాడు.

"ఇంకా చేస్తున్నారా నాన్నా, వాళ్ళ కోసం?"

"చేస్తున్నాను."

"మరి అమ్మ?"

"ఆమేన్ అనడం లేదు."

వాడు నవ్వాడు. "పోనీలెండి, దేశంలో ప్రతిపక్షం ఒక చోటైనా మిగిలింది." నవ్వు దగ్గులోకి తిరిగింది. జవాను మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

అప్పుడు ఆయన సంఘపెద్ద మాట చెప్పారు. పేరు, ఆఫీసరు, ఆగస్టు పదిహేను. ఏదీ దాచలేదు.

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు. నిన్నడుగుదామని వచ్చాను."

వాడు చాలాసేపు తండ్రి బూట్ల వైపు చూశాడు. సుద్ద పూసిన ఆ బూట్లు రైల్లో మాసిపోయాయి. "నన్నడక్కండి నాన్నా. చెయ్యమంటే మీరు చచ్చిపోతారు. వద్దంటే అమ్మ చచ్చిపోతుంది." అని లేచి, లేచాక తండ్రి చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. టైమైందన్నారు.

రైల్లో నేను అన్నాను, ఆ జాడీ ఎవరికైనా ఇచ్చేసి, వాడికి అందిందని చెబుదామని. "ఆవిడకి అబద్ధం చెప్పే ధైర్యం నాకు లేదండి" అన్నారాయన. బెజవాడదాకా ఒళ్ళోనే పెట్టుకున్నారు. ఆవిడ అందుకుని అలమరలో పెట్టింది. వాసెన విప్పలేదు.

ఆగస్టు పదిహేను ఉదయం జెండా ఎగరేశారు. ఆఫీసరు వచ్చి ముందు బెంచీలో కూర్చున్నారు. పేపరు మనిషి కూడా వచ్చాడు. నేను గోడ దగ్గర నిలబడ్డాను. ఏలినవారి ప్రార్థన వచ్చింది. ఆయన గొంతు సవరించుకున్నారు. అలా సవరించుకోవడం అంతకుముందు నేను వినలేదు. "ప్రభువా" అని ఆగారు. గోడకి అవతలి వైపు ఆడవాళ్ళ గాజుల చప్పుడు కూడా లేదు.

"ప్రభువా, మా మీద అధికారంలో ఉన్నవారికి న్యాయబుద్ధి దయచేయుము. నిద్రలో కూడా వారికి నీ భయము కలుగజేయుము."

పేరు లేదు. జనం ఆమేన్ అన్నారో లేదో కూడా తెలియలేదు. ఆయన ఆవిడ కోసం ఆగారు, ఎప్పటిలాగే. తరవాత రోగుల కోసం. ఆఫీసరు మిఠాయి తీసుకోకుండా కారెక్కారు. సంఘపెద్ద తలపట్టుకున్నాడు.

ఆ సాయంత్రం నేను వాళ్ళ వసారాకి వెళ్ళి, నాకు తోచింది చెప్పాను. "మీరు వంగలేదు పాస్టరు గారూ. అది గొప్ప సంగతి. మా వంశంలో కూడా ఎవరూ వంగలేదు."

అమ్మగారు బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది. "మీకేం బాబుగారూ. మీరు పోగొట్టుకున్నవి పొలాలు."

నేను లేచి ఇంటికి వచ్చేశాను.

ఎన్నికలు ప్రకటించాక జనవరిలో పిల్లాణ్ణి వదిలారు. రిక్షాలో వచ్చాడు. దిగడానికి ఇద్దరం పట్టుకోవలసి వచ్చింది. ఆవిడ జాడీ వాసెన విప్పి, వేడన్నంలో నెయ్యి వేసి కలిపి పెట్టింది. రెండో ముద్ద దగ్గర ఆయాసం వచ్చింది. ఎన్నికలదాకా ఉండలేదు. వాడిని సమాధి చేయడానికి వేరే పాస్టరుని పిలుద్దామన్నారు పెద్దలు. ఆయన ఒప్పుకోలేదు. "వాడికి బాప్తిస్మం ఇచ్చింది నేనే" అన్నారు. మట్టి వేసే చోట ఆయన గొంతు బాగానే ఉంది. తిరిగి వస్తుంటే శ్మశానం గేటు దగ్గర ఎవరిదో సైకిలు పడి ఉంది. ఆయన దాన్ని చూసి, దాటి వెళ్ళిపోయారు. నేను వెనక్కి వెళ్ళి దాన్ని నిలబెట్టాను.

మార్చిలో ఢిల్లీలో ప్రభుత్వం పడిపోయింది. మన వైపు ఓట్లు పాతవాళ్ళకే పడ్డాయి కాబట్టి బజారులో కొందరు సంతోషించారు, కొందరు బిక్కమొహం వేశారు. ఆ తరువాతి ఆదివారం ఏలినవారి ప్రార్థన ఎప్పటిలాగే సాగింది. కొత్తవాళ్ళకీ అవే మాటలు. నేను ఆ ఖాళీ కోసం చూస్తున్నాను. ఆయన ఆగలేదు. ఇంకో మాట చేర్చారు. ముప్ఫై ఏళ్ళలో ఆయన ఆ ప్రార్థనకి చేర్చిన మాట అదొక్కటే.

"అధికారము పోయినవారిని కూడా జ్ఞాపకము చేసుకొనుము. నేడు వారి గుమ్మము తొక్కువారు ఉండరు. నీవైనా వెళ్ళుము."

నేను ప్రూఫు కాగితాలు కింద పెట్టాను. జమీందారీ పోయిన ఏడు మా నాన్నగారు పొద్దున్నే స్నానం చేసి, తలపాగా పెట్టుకుని, అరుగు మీద ఈ కుర్చీలోనే కూర్చునేవారు. ఎవరైనా వస్తారని. నిన్నటిదాకా నిండిన వీధి. మధ్యాహ్నం భోజనానికి లేచేవారు. మళ్ళీ వచ్చి కూర్చునేవారు. ఆయన పోయేదాకా అంతే. మా కోసం ఎవరైనా ఇలాంటి మాట అడిగారో లేదో నాకు తెలియదు. అడిగి ఉంటే, ఆ మనిషి తాత మా చేలో పనిచేసి ఉంటాడని నేను అనుకుని ఉండను.

ఆ మాట తరవాత జనానికి ఏమనాలో తోచలేదు. అక్కడక్కడ ఆమేన్. అప్పుడాయన ఆగారు. అంతకుముందు ఎన్నడూ ఆగనంతసేపు ఆగారు. గోడకి అవతల కొడుకుని మట్టిలో పెట్టిన తల్లి కూర్చుని ఉంది. నేను గోడకి చెవి ఆనించినంత పని చేశాను. ఏమీ రాలేదు. రోగుల కోసం మొదలుపెట్టారు.

ఒకసారి అడిగాను. "ఎందుకు ఆగుతారు పాస్టరు గారూ? ఆవిడ అనదని తెలుసు కదా."

"అది ఆవిడ చోటండి. పంట వెయ్యలేదని పక్కవాడి చేలో దున్నుకుంటూ పోతామా? గట్లు తెలిసినవారు, మీకు చెప్పాలా."

"పోనీ, అనమని ఒక్కసారి అడక్కూడదూ?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "అడిగి పుచ్చుకుంటే అది ఆమేన్ అవదండి."

ఆ ఏడు చివర్లో ఉప్పెన వచ్చింది. ఆయన దివిసీమ వెళ్ళి చాలా రోజులు ఉన్నారు, శవాల్ని పూడ్చడానికి. వచ్చాక కుర్చీలో చేరబడి, సాసర్లో కాఫీ చల్లారిపోతుంటే అన్నారు. "అక్కడ ప్రార్థన చేస్తే ఆమేన్ అనేవాళ్ళు లేరండి. నేను అడిగి, నేనే ఆమేన్ అనుకున్నాను." అక్కడి తడిలో పట్టుకున్న దగ్గు ఆయన్ని వదల్లేదు. ఈ ఏడు వానల్లో పోయారు. చివరి ఆదివారం కూడా, కుర్చీ వేయించుకుని కూర్చునే ప్రార్థన చేశారు. ఆ చోట ఆగారు.

పాస్టరు ఇల్లు కొత్తవారి కోసం ఖాళీ చేసి అమ్మగారు పక్క వీధిలో ఒక గదిలోకి మారింది. సామాను సర్దాక చూడటానికి వెళ్ళాను. గోడకి మేకు కొట్టి ఆయన గొడుగు తగిలించింది. కళ్ళజోడు బైబిలు మీద పెట్టి ఉంది. నాకు కాఫీ ఇచ్చింది, గ్లాసూ సాసరూ రెండూ పెట్టి. అలవాటు కాబోలు.

కాఫీ తాగాక ఆవిడే ఆ మాట ఎత్తింది. "కొత్తాయన ఆగరండి."

"అవునమ్మా. నాకూ వినిపించింది."

"మీకు వినిపించేదా? అన్నాళ్ళూ?" అని నా వైపు చూసింది. "సంఘం అంతా అనుకుంది, కొడుకు పోయాక ఇక ఈవిడ గుండె రాయి అయిపోయిందని. రాయి కాలేదు బాబుగారూ. ఒక్కసారి, ఒక్క ఆదివారం, గుడికి బయల్దేరేటప్పుడు, ఏవే, ఇవాళ అనవే అని ఉంటే అనేదాన్ని. ఆయన బతిమాలితే నేను కాదంటానా? పిల్లాణ్ణి అడగడానికి రైలెక్కి వెళ్ళారు. నన్ను అడగలేదు. ఆగేవారు, అంతే."

ఆయన నాతో అన్న మాట ఆవిడకి చెప్పాను. అడిగి పుచ్చుకుంటే అది ఆమేన్ అవదన్న మాట. చెప్పవలసింది కాదేమో. ఆవిడ ఏడవలేదు. సాసరు తీసి, కొంగుతో తుడిచి, తుడిచిందే మళ్ళీ తుడిచింది.

"నాతో ఆ ముక్క అనొచ్చుగా" అంది.

పోయిన ఆదివారం కొత్త పాస్టరు గారు మైకు పెట్టించారు. గొంతు మా ఇంటి గోడల్ని కూడా అదిరించింది. ఏలినవారి కోసం ప్రార్థన చేశారు, పేర్లతో. జనం ఆమేన్ అన్నారు. ఆయన వెంటనే రోగుల మీదికి వెళ్ళారు. మంచాల మీద ఉన్నవారిని, ఆసుపత్రుల్లో ఉన్నవారిని అంటూ ఉన్నారు. ఆ మాటల మధ్యలో, మైకు కింద నలుగుతూ, గోడకి అవతలి నుంచి ఒక్క గొంతు తీరిగ్గా, సాగదీసి, ఆమేన్ అంది.

ఎవరో ఆడమనిషి "ష్" అంది. ప్రార్థన సాగిపోయింది.